పది సెకన్ల తప్పు, నాలుగు కిలోమీటర్ల దూరం

చెన్నై నుంగంబాక్కంలోని వాతావరణ కేంద్రం ఆవరణలో 10 టన్నుల గ్రానైట్ స్తంభం ఒకటి ఉంది. 1792లో ఈస్టిండియా కంపెనీ అక్కడ వేధశాల కట్టించినప్పుడు, దుర్భిణి ఇసుమంతైనా కదలకుండా నిలిపేందుకు పాతించింది. దాని మీద తమిళంతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కించారు. వ్యాపారులకు నక్షత్రాలతో పనేమిటంటారా? వాళ్ల ఓడలు కోరమండల్ తీరం వెంట తిరగాలి. తీరం సరిగ్గా ఎక్కడుందో పటంలో తేలాలి.

ఉత్తర దక్షిణాల లెక్క సులువే. ధ్రువనక్షత్రం ఎంత ఎత్తున కనిపిస్తే అక్షాంశం దాదాపు అంత. తూర్పు పడమరలకు అలాంటి స్థిరమైన గుర్తు లేదు, భూమి తిరుగుతూనే ఉంటుంది కనక. అయితే ఆ తిరగడమే దారి చూపింది. 24 గంటలకు 360 డిగ్రీలు, అంటే డిగ్రీకి 4 నిమిషాలు. మద్రాసులో ఎంతైందో ఆకాశం చెబుతుంది. అదే క్షణాన ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్‌లో, అంటే సున్నా రేఖాంశం మీద, ఎంతైందో తెలిస్తే, ఆ తేడాలోంచి రేఖాంశం వచ్చేస్తుంది. చిక్కల్లా గ్రీనిచ్ వేళను ఇక్కడికి తేవడంలోనే. నెలల తరబడి సముద్రం మీద ఊగుతూ వచ్చిన గడియారాన్ని ఎంతవరకు నమ్మగలం?

అందుకని గురుగ్రహాన్ని నమ్ముకున్నారు. దాని ఉపగ్రహం అయో సుమారు నలభై రెండున్నర గంటలకొకసారి ఆ గ్రహం నీడలోకి జారుతుంది. ఆ వేళలను గ్రీనిచ్ కాలమానంలో ముందే గణించి నావికుల పంచాంగంలో అచ్చువేసేవారు. మద్రాసులో దుర్భిణికి కన్ను ఆనించి, అయో మాయమైన క్షణాన స్థానిక వేళ రాసుకుంటే చాలు. వేధశాల అధికారి జాన్ గోల్డింగ్‌హామ్ ఇలాంటి పరిశీలనలతోనే 1802లో మద్రాసు గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుందని తేల్చాడు.

చెప్పినంత తేలిక కాదది. అయో దీపం ఆర్పినట్టు పోదు, మెల్లగా మసకబారుతుంది. ఏ క్షణాన పోయిందనేది చూసే కంటిని బట్టి, దుర్భిణిని బట్టి మారుతుంది. 1802లోనే సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ దేశాన్ని కొలిచే మహాసర్వే మొదలుపెట్టాడు. అర టన్ను బరువున్న థియోడలైట్‌తో కోణాలను అద్భుతంగా కొలిచాడు. కానీ ఆ కోణాలతో అల్లిన త్రిభుజాల వలనంతటినీ భూగోళం మీద ఎక్కడ పరచాలో నిర్ణయించింది మద్రాసు రేఖాంశమే. తర్వాత టెలిగ్రాఫ్ తీగ మీద గడియారాలను సరిపోల్చి చూస్తే, సర్వే పటాలు వాడిన విలువలో దాదాపు 10 సెకన్ల తేడా బయటపడింది. అంటే పటంలో దేశం దేశమే నాలుగు కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరిగి కూర్చుంది! చాలాకాలం పటాల అంచున సవరణ గమనిక అచ్చువేస్తూ వచ్చారు.

ఈ అయో గ్రహణాలే 1676లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్త ఓలె రోమర్‌కు మరో సంగతి చెప్పాయి. భూమి గురుడికి దూరమయ్యే కొద్దీ అవి ఆలస్యంగా కనిపిస్తున్నాయి. కాంతికీ ప్రయాణానికి సమయం పడుతుందన్నమాట.

రైళ్లు వచ్చాక దేశంలోని చాలా లైన్లు మద్రాసు టైమునే పాటించాయి. 1906 జనవరి 1న 82.5 డిగ్రీల రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక కాలం అమల్లోకి వచ్చింది. మద్రాసు గడియారాలు సుమారు 9 నిమిషాలు ముందుకు జరిగాయి. 39 నిమిషాలు జరగాల్సిన బొంబాయి ఏళ్ల తరబడి మొండికేసింది. ఆ 82.5 డిగ్రీల రేఖ మన అన్నవరం, తుని మధ్యగా పోతుంది.

ఆ ప్రామాణిక కాలం రావడానికి సుమారు ఆరు నెలల ముందు, బెర్న్ పేటెంట్ కార్యాలయ ఉద్యోగి ఐన్‌స్టీన్, దూరాన ఉన్న రెండు గడియారాలు ఒకే వేళ చూపుతున్నాయనడానికి అర్థమేమిటని ఒక వ్యాసంలో తర్కించాడు. రైల్వేలకు అది ఉద్యోగపు తలనొప్పి, ఆయనకు మూలప్రశ్న. కదలికను బట్టి ‘ఇప్పుడు’ మారుతుందని ఆయన తేల్చితే, ఆయనకు గణితం చెప్పిన మింకోవ్‌స్కీ 1908లో కొలోన్ సభలో స్థలాన్నీ కాలాన్నీ కలిపి నాలుగు పరిమాణాల ఒకే పటంగా గీశాడు.

ఐన్‌స్టీన్ సిద్ధాంతాలు చెప్పినట్టే, నేటి జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు నేల మీదివాటి కంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. సవరించకపోతే రోజుకు 10 కిలోమీటర్లకు పైగా తప్పు పేరుకుంటుంది. జీపీఎస్ లాంటిదే అయిన మన నావిక్ వ్యవస్థలో తొలి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఎ 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లింది. 2016లో దాని మూడు రుబీడియం అణు గడియారాలూ చెడిపోయాయి. ఉపగ్రహం కక్ష్యలోనే ఉండిపోయింది, సందేశాలు పంపగలిగింది. ఎవరు ఎక్కడున్నారో చెప్పే పనికి మాత్రం రాకుండా పోయింది. 2023 మే 29న శ్రీహరికోట నుంచే వెళ్లిన ఎన్‌వీఎస్-01లో స్వదేశంలో తయారైన రుబీడియం గడియారాన్ని అమర్చారు.