గణె నాదము: పావగడ సీమ గొల్లల శోకగానము

పావగడ తాలూకా పరిపాలనారీత్యా కర్ణాటకమున తుమకూరు జిల్లాకు చెందినదైనను, దాని ఎల్లలలో అధికభాగము ఆంధ్రదేశమును తాకియే యున్నది. మడకశిర, రొద్దము, కల్యాణదుర్గము ప్రాంతములు దానిని ఆవరించియుండగా, ముఖ్యముగ పడమటి దిక్కున చిత్రదుర్గ సీమతో దానికి కన్నడబంధము నిలిచియున్నది. నందికొండలలో పుట్టిన ఉత్తరపినాకిని, జనులు పెన్న యని పిలుచు నది, ఈ తాలూకాలోని నాగలమడికె సుబ్రహ్మణ్యక్షేత్రమును ఒరసికొనుచు మరల తెలుగుసీమకు మరలును. ఇంట తెలుగు మాటాడి బడిలో కన్నడము చదువుకొను కుటుంబములు ఇచ్చట అసంఖ్యాకములు. ఏటి వర్షపాతము సగటున 600 మిల్లీమీటర్లకు లోబడిన ఈ మెట్టభూమిలో వేరుసెనగ పండిన యేడు పండినట్లు, ఎండిన యేడు ఎండినట్లు. ఇట్టి నేలపై పుట్టిన పాట ఎట్లుండును? మా ప్రాంతపు గానమును గూర్చి వ్రాయువారు సాధారణముగ భజనలను, హరికథలను, కోలాటములను పేర్కొని విరమింతురు. వానికంటె ప్రాచీనమై, వానికంటె మెల్లగా, నేలను అంటిపెట్టుకొని సాగు ఒక గానము కలదు. అది పశువుల కాపరుల గానము. దానికి ప్రాణము గణె యను వెదురు వాద్యము.

శిర, పావగడ, హిరియూరు, చళ్లకెర తాలూకాలలో ఊరికి వెలుపల ప్రత్యేకముగ హట్టులను వాడలు కట్టుకొని నివసించు పశుపాలకులు కాడుగొల్లలు. వీరు కన్నడభాషులు. ఊరిలో కలిసి యుండు ఊరుగొల్లలకును వీరికిని ఆచారములయందు బహుభేదము కలదు. 1909లో ఏడు సంపుటములుగ వెలువడిన థర్‌స్టన్ గారి కులవర్గ గ్రంథమునందే ఈ భేదము నమోదైనది. కాడుగొల్లలు ఉత్తరదేశమునుండి మందలతో దిగివచ్చినవారను ఐతిహ్యమును ఆనాటి జనాభా లెక్కలు వ్రాసినవారును విని నమోదు చేసిరి. ఐతిహ్యము చరిత్ర యగునో కాదో గాని, గ్రాసమును వెదకికొనుచు తరతరములు నడచిన జాతి స్మృతియందు నడకయే మూలకథ యగుట సహజము.

ఆ స్మృతికి నాయకుడు జుంజప్ప. కెంగురి మల్లేగౌడునకును చిన్నమ్మకును జన్మించిన ఈ వీరుడు రాజ్యములను జయించినవాడు కాడు. కోటలను పడగొట్టినవాడును కాడు. మందలను కాచెను, బడమైల యను వృషభమును ప్రాణసమముగ పెంచెను, గణెను ఊదెను. మేనమామల అసూయయే అతని పాలిటి శత్రుసైన్యము. వారి కుట్ర ఫలించి విషప్రయోగమున అతడు మరణించినట్లు కథ చెప్పును. శిర తాలూకాలోని జుంజప్పన గుడ్డె నేటికిని కాడుగొల్లలకు పుణ్యస్థలము. తెలుగువారి వీరగాథలయందు కత్తి మెరుపు, రణరంగపు రక్తము, వీరపత్ని పలుకు ప్రధానములు కాగా, ఇందు బంధువుల నడుమ పెరిగిన పగయు, తన పశువుల మీది మమతయు, చావును ఎరిగియే ముందునకు నడచిన ఒక యువకుని మౌనమును ప్రధానములు. ఇట్టి కథను పెద్ద గొంతుకతో అరచి చెప్పిన అది చెడిపోవును. గణె పుట్టుటకు కారణము ఇదియే యని నా విశ్వాసము.

గణె పొడవైన వెదురు గొట్టము. కచేరీ వేణువువలె సన్నని మాధుర్యము దీనియందు లేదు. లోతైన, కొంచెము గాలి కలిసిన, మంద్రమైన నాదము దీనిది. దీనిని వినోదమునకై ఊదరు. జుంజప్ప కథకు మాత్రమే ఉద్దిష్టమైన పవిత్రవాద్యముగ దీనిని భావింతురు. ఊదు నోటితోనే పాడవలసియుండుటచే గాయకుడు కొంత పాడి, ఆగి, కొంత ఊది, మరల పాడును. ఈ నిర్బంధమునుండియే ఈ గానమునకు దాని ప్రత్యేక సౌందర్యము లభించినది. మాట ఆగిన చోట వెదురు పలుకును. వెదురు ఆగిన చోట మాట దానికి బదులు చెప్పును. రెంటి నడుమ ఊపిరి తీసికొను క్షణకాలపు నిశ్శబ్దము సైతము కథలో భాగమగును. తొందరపడుటకు ఇందు అవకాశమే లేదు. రాత్రియంతయు సాగవలసిన కథకు తొందర యెందులకు? పగలంతయు మంద వెనుక నడచిన మనిషి అడుగుల వేగమే ఈ గానపు కాలప్రమాణము.

తెలుగు గొల్లల కథాగానము ఇందుకు భిన్నమైన మార్గమున నడచినది. పదుమూడవ శతాబ్ది చివరిపాదమున కరవు వచ్చి పచ్చిక లేక, ఆ గానపు కథానాయకుడు కాటమరాజు తన ఆవుల మందలతో నెల్లూరి సీమకు దిగి, అచ్చటి ప్రభువు నల్లసిద్ధితో పుల్లరి ఒప్పందము చేసికొనెను. పుట్టిన కోడెదూడలు ప్రభువునకు, గడ్డి మందకు అను ఆ ఒడంబడిక చెడి, పంచలింగాల వద్ద ఘోరయుద్ధము జరిగెను. నల్లసిద్ధి పక్షమున పోరిన ఖడ్గతిక్కన మరణించినది ఈ యుద్ధముననే. ఈ కథావృత్తమును పాడువారు కొమ్మువారు. వారి వాద్యము కొమ్ముబూర. డాక్టర్ తంగిరాల వేంకటసుబ్బారావు గారు బెంగుళూరున తెలుగు అధ్యాపకులై యుండి, ఈ కథలను శ్రమించి సేకరించి పరిష్కరింపగా, 1970ల దశకమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వానిని ముద్రించినది. కన్నడదేశమున ఉండియే ఆయన ఈ మహాకార్యము నెరవేర్చుట నాకు యాదృచ్ఛికముగ తోచదు. సరిహద్దున నిలిచినవానికి ఇరువైపుల నాదములును వినబడును.

ఇచ్చట ఒక విషయము స్మరింపదగియున్నది. పావగడ తాలూకాలోని నిడుగల్లు దుర్గమున కొన్ని శతాబ్దములు పాలించినవారును తెలుగు చోడులే; నెల్లూరి ప్రభువులును తెలుగు చోడులే. ఇరువురును కరికాలచోడుని తమ వంశకర్తగ చెప్పికొనిరి. అనగా ఒకే వంశనామము వహించిన రాజుల నీడలలో, కొండకు ఇటు ఒక గొల్లకథ గణెతో సాగగా, సముద్రతీరమువైపు మరియొక గొల్లకథ కొమ్ముతో సాగెను. రెంటికిని మూలము పశువు, పచ్చిక, కరవు. కాని యుద్ధము చేసి మరణించినవారి కీర్తికి కొమ్ము కావలసి వచ్చెను. ఇంటివారి చేతిలో మరణించినవాని దుఃఖమునకు గణె చాలెను. కొమ్ము దూరమున నున్నవానిని పిలుచును. గణె దగ్గర కూర్చున్నవానితో మాటాడును.

కాపరుల గానమునకు తోడుగ ఈ సీమయందు మరియొక మెత్తని స్వరము కాలక్రమమున చేరినది. అది తత్త్వము. గాజులమ్ముకొను వృత్తినుండి యోగియైన కైవార నారేయణ తాతయ్య (సంప్రదాయము చెప్పు కాలము 1726–1836) తెలుగునను కన్నడమునను తత్త్వములను, కీర్తనలను రచించెను. కైవారము చింతామణి తాలూకాలో నున్నదైనను, ఆయన పాట ఈ మెట్టసీమల రెండు భాషలవారి భజనమందిరములలోనికిని వ్యాపించినది. కదిరి ప్రాంతపు కటారుపల్లెలో వేమన సమాధి, కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మముగారి మఠము, అవతల ధారవాడ సీమయందు శిశునాళ షరీఫు (1819–1889) పదములు: ఒక తీగ ఏకతారయు, చిడతలును మాత్రమే సహాయముగ మనిషి తన దేహమును, తన అప్పును, తన మరణమును తలంచికొనుచు పాడిన ఈ పాటల వరుస మధ్యనే పావగడ కలదు. గణెయందు ఊపిరి చేసిన పనిని తత్త్వమునందు ఏకతార చేసినది. రాగాలాపనకు చోటు తక్కువ. ఒకే శ్రుతిని వదలక పట్టుకొని, ఒకే పల్లవికి మరల మరల వచ్చుటయే దాని బలము.

పంతొమ్మిదవ శతాబ్దిలో ఈ గానములపై విద్యావంతుల దృష్టి పడినది. కడపలో బ్రౌను దొర గాథలను వ్రాయించిన తరువాత, బళ్లారి సీమయందు తిరుగు గాయకుల నోట విన్న తెలుగు గాథలను గూర్చి జె. ఎ. బాయిల్ 1874లో ఇండియన్ ఆంటిక్వేరి పత్రికయందు వ్యాసము ప్రకటించెను. సర్వాయి పాపని కథ అట్లు అచ్చునకు వచ్చినదే. ఆ వ్యాసము వెలువడిన రెండేండ్లకే ధాత కరవు వచ్చినది. 1871 జనాభా లెక్కలలో 50 లక్షలకు పైబడియున్న మైసూరు సంస్థానపు జనసంఖ్య 1881 నాటికి 42 లక్షలకు దిగిపోయెను. ఈ అంకెలను చదివి ముందునకు పోవుట సులభము. ఆ పదేండ్లలో ఎన్ని మందలు అంతరించెనో, ఎందరు గాయకులు తమ పాటను ఎవరికిని అప్పగింపకయే కన్నుమూసిరో యోచించినప్పుడు, నేడు మనకు చిక్కిన కథాభాగములు ఎంతటి వినాశనమును దాటి వచ్చినవో తెలియును.

అమెరికాదేశపు నల్లజాతివారి బ్లూస్ గానమును మన గానముతో పోల్చువారు తరచుగ శోకము అను ఒక్క మాటతో తృప్తిపడుదురు. పోలిక అంతకంటె లోతున నున్నది. 1903లో మిసిసిపి రాష్ట్రపు టట్‌వైలర్ రైలుస్టేషనులో డబ్ల్యు. సి. హేండీ విన్న గాయకుడు కత్తిని గిటారు తీగలపై జరుపుచు పాడెనట. మాటకు తీగ బదులు చెప్పు ఆ క్రమమే బ్లూసునకు వెన్నెముక. గణెయు అదియే చేయును. జపానుదేశమున 1970 ప్రాంతమున ఆ అమెరికా బాణీలు యువగాయకుల చేతికి వచ్చినప్పుడు జరిగిన పరిణామము మరింత గమనింపదగినది. తకాదా వతారు (1949–2005) అను గాయకుడు, ఒకినావా కవి యమనోకుచి బాకు (1903–1963) వ్రాసిన కవితను తీసికొని, అమెరికా జానపదపు ఛాయ గల మెత్తని బాణిలో 1971లో పాడెను. ఇల్లు లేక గడ్డిపై నిదురించు బాటసారి జీవితము దాని వస్తువు. అందు ఆక్రోశము లేదు, నిందయు లేదు. గిటారు మెల్లగ నడచును, గొంతు దానితో మాటాడును. కవి మరణించి కొన్నియేండ్లు గడచిన తరువాత అతని పేదరికము ఒక తరమువారికి నిత్యగీతమైనది. బయటినుండి వచ్చిన బాణి, దేశములోపలి దుఃఖము, రెండును కలియుటకు ఒక నెమ్మది గల గొంతు కావలసివచ్చెను. ఆ పాటను వినినప్పుడు నాకు గడ్డికై నడచు మన కాపరులే గుర్తునకు వత్తురు.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున కన్నడ విద్వాంసులు ఈ విషయమున మనకంటె ఎక్కువ శ్రద్ధ చూపిరని ఒప్పుకొనక తప్పదు. తీ. నం. శంకరనారాయణ గారు కాడుగొల్లల సంస్కృతిని సమగ్రముగ పరిశోధించిరి. హంపీ కన్నడ విశ్వవిద్యాలయము జుంజప్ప కావ్యమును గ్రంథస్థము చేసినది. పావగడకు పొరుగుననున్న చళ్లకెర తాలూకా యలగట్టె గొల్లరహట్టికి చెందిన సిరియజ్జి, అక్షరమెరుగని స్త్రీ, తన కంఠమున నిలుపుకొన్న వేలకొలది పాదములను కృష్ణమూర్తి హనూరు గారు వ్రాసికొనగా, ఆమెను ఆ విశ్వవిద్యాలయము నాడోజ బిరుదముతో గౌరవించినది. గణె పురుషుల వాద్యముగ ప్రసిద్ధమైనను, కథను ఇంటింట నిలిపినవారిలో స్త్రీలు ముఖ్యులని ఆ వృద్ధురాలి స్మృతిసంపద ఋజువు చేయుచున్నది. మనవైపున బిరుదురాజు రామరాజు గారి తెలుగు జానపద గేయసాహిత్య పరిశోధన, తంగిరాల వారి కాటమరాజు కథల పరిష్కరణము చిరస్మరణీయములే. కాని మన కృషి మాటలను కాపాడినంతగా నాదమును కాపాడలేదు. పాఠభేదములను అడుగున వేసిన గ్రంథమునందు, ఏ పాదము తరువాత గాయకుడు ఎంతసేపు ఆగెనో, ఎచ్చట కొమ్ము పలికెనో కానరాదు. ఊపిరి లేని పాఠము ఎంత శుద్ధమైనను సగము పాటయే.

మంద తిరుగు భూములును కొంతకాలమునుండి తరుగుచు వచ్చినవి. చిక్కదేవరాయల నాటి బెణ్ణె చావడి పశుసంపద టిప్పు కాలమున అమృతమహల్ అను పేరు పొందినప్పుడు, దానికై మైసూరు సీమయంతట కావళ్లు అను విశాలములైన మేతభూములు కేటాయింపబడియుండెను. తరువాతి కాలమున అవి బహుభాగము సాగునకును ఇతర ప్రయోజనములకును పోయెను. పావగడలో ఇటీవలి మార్పు మరింత పెద్దది. తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు మొదలగు గ్రామములలో సుమారు 13,000 ఎకరముల భూమిపై 2050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము నిర్మింపబడినది. 2018లో మొదటి భాగము ప్రారంభమై 2019 చివరకు అది పూర్తియైనది. భూమిని అమ్ముకొనకయే ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల కౌలు పొందిన రైతులకు అది కరవునుండి విముక్తి. ఆ లాభమును తక్కువచేసి చెప్పుట అన్యాయము. అయినను భూమి లేని కాపరికి ఆ కౌలు రాదు. కంచెకు లోపల మిగిలిపోయినది అతని మేతబీడు.

ఈ స్థితిలో చేయదగిన పని స్పష్టము. కాటమరాజు కథను, జుంజప్ప కథను వేరువేరు భాషల సొత్తుగ పంచుకొనక, రెండు భాషల విశ్వవిద్యాలయములవారు కలిసి గాయకుల యెదుట కూర్చుండవలెను. కథను కుదించి గంటలో ముగింపుమని కోరక, రాత్రి మొదలు తెల్లవారువరకు వారు పాడు తీరుననే, విరామములతోసహా, ధ్వనిముద్రణము చేయవలెను. ఊదినవాని పేరు, అతనికి నేర్పినవాని పేరు, హట్టి పేరు ప్రతి ముద్రణముతో చేర్పవలెను. గణెకు వెదురు ఎచ్చటినుండి తెత్తురో, రంధ్రములను ఏ కొలతతో వేయుదురో, అదియు వ్రాసికొనవలెను. వాద్యము చేయువాడు పోయిన తరువాత ఊదువాడు మిగిలియు ప్రయోజనము లేదు. ఈ కార్యమునకు పావగడకంటె తగిన స్థలము లేదు. రెండు కథలను రెండు భాషలలో వినగలవారు ఇచ్చట ప్రతి వీధిలోను కలరు; దుబాసీని వెదకికొనవలసిన పనియే లేదు.