పిల్లల మోచేతి భగ్నాలు – కట్టు బిగువు: చారిత్రక పరిశీలన (ముస్తాబాద్ ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం: పిల్లల మోచేతి ఎముక విరిగినప్పుడు కట్టు ఎంత బిగువుగా ఉండాలన్న ప్రశ్న సుశ్రుతసంహిత నుండి నేటి శస్త్రచికిత్స వరకు కొనసాగుతూ వచ్చింది. దానికి వేర్వేరు కాలాలు ఇచ్చిన సమాధానాలను పరిశీలించి, గ్రామీణ తెలంగాణకు వాటి ప్రాసంగికతను నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: సుశ్రుతుడు, కాండభగ్నం, పుత్తూరు కట్టు, వోల్క్‌మన్, ముస్తాబాద్.

1. ఉపోద్ఘాతం

నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ముస్తాబాద్ మండలం 2016 వరకు కరీంనగర్ జిల్లాలో అంతర్భాగం. ఇక్కడైనా, మరే పల్లెలోనైనా చెట్టు మీది నుండో గోడ మీది నుండో పడే పిల్లవాడు చేయి చాచి నేలకు ఆనిస్తాడు. ఆ తాకిడికి భుజాస్థి మోచేతికి కాస్త పైన విరుగుతుంది. అక్కడ ముందూ వెనుకా ఉన్న రెండు గుంటల నడుమ ఎముక రేకువలె పలుచగా ఉండటమే ఇందుకు కారణం. ఐదు నుండి ఏడేళ్ల వయసులో ఈ భగ్నం అధికం. కింది ముక్క వెనుకకు జరిగినప్పుడు పై ముక్క మొన ముందుకు వచ్చి, ముంజేతికి రక్తాన్ని చేర్చే ధమనినీ నరాలనూ ఒత్తవచ్చు. అందువల్ల ఈ చికిత్సా చరిత్రలో ఎముక అతకడం కన్న చేయి నిలవడమే ప్రధాన సమస్య.

2. సుశ్రుతుని నియమం

సుశ్రుతసంహిత నిదానస్థానం 15వ అధ్యాయం 12 విధాల కాండభగ్నాలను, 6 విధాల సంధిముక్తాలను పేర్కొన్నది. చికిత్సాస్థానం 3వ అధ్యాయం చెట్ల బెరళ్లతో, వెదురు బద్దలతో కట్టు కట్టే పద్ధతిని వివరించింది. కట్టు వదులైతే కీలుకు స్థిరత్వం కలగదని, బిగుతైతే వాపు, నొప్పి, చర్మం పక్వమగుట సంభవిస్తాయని హెచ్చరించింది. చలికాలంలో ఏడు రోజులకు, సాధారణ ఋతువులో ఐదు రోజులకు, వేసవిలో మూడు రోజులకు కట్టు మార్చాలన్నది. బాల్యంలో నెలకు, నడివయసులో రెండు నెలలకు, ఆపై మూడు నెలలకు కీలు కుదురుకుంటుందని చెప్పింది. కట్టిన కట్టును విప్పి చూడటం కూడా చికిత్సలో భాగమేనన్న దృష్టి ఇందులో స్పష్టం.

3. దేశీయ కట్టు

తెలుగు పల్లెల్లో ఈ విద్య గ్రంథం కన్న కుటుంబ పరంపర ద్వారానే ఎక్కువగా నిలిచింది. ఆకుపసర్లు, కోడిగుడ్డు సొన, గుడ్డపేలికలు, వెదురు దబ్బలు దాని సాధనాలు. వాటిలో ‘పుత్తూరు కట్టు’ తమిళనాడు వరకు పేరు పొందింది. ఖర్చు తక్కువ, కత్తి భయం లేదు, కట్టేవారు తెలిసినవారు. ప్రజల నమ్మకానికి ఇవి సహేతుకమైన కారణాలే. ఎముక జరగని భగ్నాలు కదలికను ఆపితే మానుతాయి కనుక ఆ నమ్మకానికి అనుభవ బలమూ ఉన్నది. చిక్కంతా ఎముక జరిగి, మోచేయి వాచినప్పుడే.

4. వోల్క్‌మన్ పరిశీలన

1881లో జర్మనీ శస్త్రవైద్యుడు రిచర్డ్ వోల్క్‌మన్, బిగుతు కట్ల తరువాత ముంజేతి కండరాలు రక్తం అందక చచ్చి, వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోవడాన్ని వివరించాడు. అవి నాటువైద్యుల కట్లే కావు. ఆనాటి ఆసుపత్రుల కట్లు కూడా. కాబట్టి ఈ దోషాన్ని దేశీయ వైద్యానికి మాత్రమే అంటగట్టడం చరిత్రకు న్యాయం కాదు. లోపలి వాపు వల్ల కట్టు లేకున్నా ఇదే ప్రమాదం రాగలదని తరువాతి వైద్యం గ్రహించింది.

5. ఎక్స్‌రే, తీగలు

1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్‌రే ఎముక స్థితిని కంటికి చూపింది. అయితే పిల్లల మోచేతిలో అధికభాగం మృదులాస్థి కావడం వల్ల దానిని చదవడానికి ప్రత్యేకానుభవం కావాలి. 1959లో గార్ట్‌లాండ్ ఈ భగ్నాలను ఎముక జరిగిన తీరును బట్టి మూడు తరగతులుగా విభజించాడు. జరిగిన ఎముకను పిండికట్టుతోనే నిలపాలంటే మోచేతిని బాగా మడవాలి. వాచిన చేతిని మడిస్తే ధమని నలుగుతుంది. చర్మం గుండా సన్నని లోహపు తీగలు గుచ్చి ఎముకను నిలిపే పద్ధతి ఈ చిక్కును విడదీసింది. ఎముకను పట్టి ఉంచే పని తీగలదైంది కనుక కట్టు బిగువు అవసరం తగ్గింది. తీగలను సాధారణంగా మూడు, నాలుగు వారాలకు తీసివేస్తారు. బాల్యంలో నెల అన్న సుశ్రుతుని లెక్కకు ఇది చేరువగా ఉండటం గమనార్హం.

6. ముస్తాబాద్ నేపథ్యం

ఎముకల వైద్యానికి హైదరాబాదులో 1964లో వెలసిన నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి 1980లో నిమ్స్‌గా రూపొందింది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. వైద్యవిద్య రాజధాని నుండి జిల్లా కేంద్రానికి వచ్చింది. అయినా ఊరికీ ఆసుపత్రికీ నడుమ గడిచే గంటలే చేతి భవిష్యత్తును నిర్ణయిస్తాయి. రక్తం అందని కండరం సుమారు ఆరు గంటల్లో కోలుకోలేని స్థితికి చేరుతుంది. వేళ్లు పాలిపోవడం, తిమ్మిరెక్కడం, వేళ్లను చాపినప్పుడు భరించరాని నొప్పి కలగడం ప్రమాద సూచనలు. అప్పుడు కట్టు ఎవరు కట్టినదైనా వెంటనే వదులు చేసి, బిడ్డను శస్త్రవైద్యుని వద్దకు చేర్చవలసిందే.

7. ముగింపు

సుశ్రుతుని హెచ్చరిక, వోల్క్‌మన్ పరిశీలన, నేటి తీగల పద్ధతి ఒకే సత్యాన్ని మూడు భాషల్లో చెప్పాయి. ఎముకను నిలపడానికి బిగువు కావాలి. చేతిని నిలపడానికి రక్తం పారాలి. దేశీయ పరంపర ఈ గ్రంథస్థ నియమాన్ని ఎక్కడెక్కడ పాటించింది, ఎక్కడ విడిచింది అన్నది మౌఖిక చరిత్రగా సేకరించదగిన అంశం. కట్టు కట్టేవారి జ్ఞాపకాల్లో అది మిగిలి ఉండగానే ఆ పని జరగాలి.