చెన్నపురితో వీరేశలింగం పంతులుగారి అనుబంధము

కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేరు చెప్పగానే రాజమహేంద్రవరము జ్ఞప్తికి వచ్చును. 1848 ఏప్రిల్ 16వ తేదీన వారు జన్మించినదియు, 1881 డిసెంబరు 11వ తేదీన తొలి వితంతు వివాహము జరిపించినదియు ఆ పట్టణముననే. అయినను వారి సాహిత్యజీవితపు ఆద్యంతములు చెన్నపురితో ముడివడి యున్నవి. మన నగరవాసులు ఈ సంగతిని మరచుట విచారకరము.

చెన్నపురి పండితుడగు పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను ప్రకటించెను. సూరి విడిచిన సంధి విగ్రహములను పంతులుగారు ఆ గ్రాంథిక ఫక్కిలోనే రచించిరి. 1874లో వారు స్థాపించిన ‘వివేకవర్ధని’ తొలుత అచ్చయినది ఈ నగరముననే. యౌవనమున వారు పాండిత్యప్రకర్షకు లొంగినవారే. పెదవులు కలియని అక్షరములతో, సంస్కృతపదమును వచనమును లేకుండ, ‘శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము’ను రచించిరి.

అట్టి కవి క్రమముగా సామాన్యపాఠకుని వైపు తిరిగెను. గోల్డుస్మిత్తు నవలచే ప్రేరితులై వ్రాసిన ‘రాజశేఖర చరిత్రము’ 1880లో గ్రంథరూపమున వెలువడెను. 1887లో హచిన్సన్ దొర దానిని ఆంగ్లీకరించెను. బాల్యవివాహమును, లంచగొండితనమును ఎండగట్టిన ప్రహసనములలో పాత్రలచేత వాడుకమాటలే పలికించిరి. దోషము జనులలో నున్నప్పుడు జనుల భాషలోనే చెప్పవలెను గదా!

ఇరువదవ శతాబ్దారంభమున పంతులుగారు చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంధ్రపండితులుగా నుండిరి. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వ్యావహారికభాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి. డెబ్బది యేండ్ల వయస్సున, తాము జీవితమెల్ల నభ్యసించిన భాషారీతిని పునర్విమర్శించుకొనుట సామాన్యమైన ధైర్యము కాదు. అటుపిమ్మట మూడు నెలలకే, మే 27వ తేదీన, ఈ నగరమున కొమర్రాజు లక్ష్మణరావుగారి ‘వేదవిలాస’ గృహమున దివంగతులైరి. ‘ఆంధ్రకవుల చరిత్రము’ సంస్కరణమే వారి తుదిదినముల కృషి.

చెన్నపురిలోని అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు బోధించుచున్న నాకు ఈ చరిత్ర నిత్యము తోడగుచున్నది. ఇంట పలికెడి తెలుగు వేరు, పుస్తకమున నున్న తెలుగు వేరు అని మా బాలురు బెదరుదురు. ఇంటి మాటను తప్పని త్రోసివేసినచో వారు పుస్తకమునే త్రోసివేయుదురు. ఆ మాటను ఆదరించి, దాని మీదుగా నన్నయ తిక్కనల వరకు నడిపింపవలెను. పంతులుగారు తాము నడచి చూపినది ఆ త్రోవయే. వారు కన్నుమూసిన ఈ నగరమున ఒక్క బాలుడైనను తెలుగున తన పేరు వ్రాయనేరక పెరుగకుండ చూచుటయే మనము వారికి చెల్లింపదగిన ఋణము.