తేనెటీగ వేషంలో ఈగ

సంక్రాంతి నాటికి ఖరగ్‌పూర్ శివారు చేలల్లో ఆవ పూత మీదుంటుంది. పూలమీద మూగేవన్నీ తేనెటీగలే అనుకుంటే పొరపాటు. వాటిలో కొన్ని గాలిలో ఉన్నచోటే నిలబడతాయి, చటుక్కున జానెడు పక్కకు జరుగుతాయి, మళ్లీ నిలబడతాయి. ఒంటిమీద పసుపూ నలుపూ పట్టీలుంటాయి గాని ముల్లు ఉండదు. పగటివేషగాడు పోలీసు దుస్తుల్లో వీధిలోకి వచ్చినట్టు, తేనెటీగ వేషం కట్టిన ఉత్త ఈగ ఇది. వ్యవసాయాధికారులు దీన్ని సిర్ఫిడ్ ఈగ అంటారు.

ఖరగ్‌పూర్ కథను అందరూ ఇనుముతోనే మొదలుపెడతారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ కట్టింది. 1900లో రూప్‌నారాయణ్ వంతెన పూర్తయి హౌరాకు దారి ఏర్పడింది. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న లైను కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. ఆ దారినే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల తెలుగువాళ్లు వర్క్‌షాప్ పనికి తరలివచ్చి, రైల్వే క్వార్టర్లలో కాపురాలు పెట్టి, తరాలుగా ఉండిపోయారు. తర్వాత ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫాం ఊరికి ఖ్యాతి తెచ్చింది. ఆ రికార్డు 2013లో గోరఖ్‌పూర్‌కు పోయిందనుకోండి, అది వేరే సంగతి.

ఈగ చరిత్ర మాత్రం ఇనుము జోలికి పోదు. దాన్ని రాసినవాళ్లలో చాలామంది పొట్టకూటికి వేరే పని చేసుకున్నవాళ్లే.

వేషానికి మొదట కారణం చెప్పిన హెన్రీ బేట్స్ కుర్రతనంలో మేజోళ్ల వ్యాపారి దగ్గర పని నేర్చుకున్నాడు, తర్వాత బీరు తయారీ కర్మాగారంలో గుమాస్తా. అమెజాన్ అడవుల్లో 11 ఏళ్లు తిరిగొచ్చి, హానిలేని ప్రాణి హానిచేసేదానిలా కనిపిస్తే పిట్టలు దాన్ని వదిలేస్తాయని 1862లో అచ్చువేశాడు. ఆయన చెప్పింది సీతాకోకచిలుకల గురించే, కానీ మన ఈగకూ అతికినట్టు సరిపోయింది.

ఈ వేషానికి మోసపోయింది పిట్టలు మాత్రమే కాదు. చచ్చిన ఎద్దు కళేబరంలోంచి తేనెటీగలు పుడతాయని రోమన్ కవి వర్జిల్ సహా ప్రాచీనులు నమ్మారు. అక్కడ పుట్టేవి తేనెటీగలు కావు, కుళ్లులో గుడ్లు పెట్టే డ్రోన్ ఈగలనే సిర్ఫిడ్ ఈగలని 1890లలో వాదించినవాడు ఓస్టెన్ సాకెన్. అంతకుముందు ఆయన ఉద్యోగం రష్యా ప్రభుత్వ దౌత్యవేత్తగా.

మన దేశపు ఈగల లెక్క కట్టింది ఎన్రికో బ్రునెట్టి. వృత్తిరీత్యా సంగీతకారుడు. 20వ శతాబ్ది మొదట్లో కలకత్తా చేరి, ఇండియన్ మ్యూజియంలోని ఈగల నమూనాలను ఏళ్లతరబడి పరిశీలించాడు. బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో సిర్ఫిడ్ ఈగలపై ఆయన రాసిన సంపుటం 1923లో వెలువడింది. సంగీతం ఎంత గొప్పగా వాయించాడో గాని, ఈ రోజు ఆయన పేరు తలిచేది ఈగలవాళ్లే.

వేషం విప్పడం కష్టమేమీ కాదు. తేనెటీగకు నాలుగు రెక్కలు, ఈ ఈగకు రెండే. మీసాలు మరీ పొట్టి. తేనెటీగ వెనక కాళ్లకు పుప్పొడి ముద్దలుంటాయి, దీనివి ఖాళీ.

పిల్లపురుగుల బతుకులే విచిత్రం. డ్రోన్ ఈగ జాతివి మురుగునీటిలో పెరుగుతాయి. పొడుగ్గా సాగే తోక గొట్టాన్ని నీటిపైకి చాచి గాలి పీల్చుకుంటాయి. ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్ అనే మరో రకం పిల్లలు పేనుబంకనే తింటాయి. అప్పట్లో డెన్మార్క్ వాళ్ల స్థావరమైన తరంగంబాడి నుంచి వెళ్లిన నమూనాను చూసి కీటక శాస్త్రజ్ఞుడు ఫాబ్రిసియస్ 1805లో ఈ జాతికి పేరు పెట్టాడు. కాళ్లూ కళ్లూ లేని ఆ పురుగు ఆవ కొమ్మమీద తల అటూ ఇటూ తిప్పుతూ తడుముతుంది. పేను తగలగానే నోటితో ఎత్తిపట్టి, రసం పీల్చి, డొల్ల పారేస్తుంది. పేనుబంకకు కొట్టే మందు దీన్నీ చంపుతుంది కాబట్టి, పేనుబంక తక్కువగా ఉంటే మందు జోలికి పోవద్దని, కొట్టక తప్పకపోతే పూలమీద ఈగలు, తేనెటీగలు లేని సాయంత్రం వేళ కొట్టమని రైతులకు చెబుతారు.