కందెన కథ: పచ్చిక కోసే యంత్రానికి నూనె మార్చడం వెనుక ఉన్న చరిత్ర

సంస్కృతంలో 'స్నేహ' శబ్దానికి చెలిమి అనే అర్థంతో పాటు నూనె, జిడ్డు అనే అర్థం కూడా ఉంది. ఆయుర్వేదంలోని 'స్నేహనం' ఈ రెండవ అర్థం నుండి వచ్చినదే. తెలుగులోనూ నెయ్యి, నెయ్యము పక్కపక్కనే ఉన్నాయి. నువ్వుల నుండి తీసిన నేయి కనుక అది నూనె అయింది. తిలల నుండి తీసినది కనుక తైలమైంది. బండి ఇరుసుకు పూసేది కందెన. ఆముదంలో మసి కలిపి ఇరుసుకు పట్టించిన తరం వారికి ఈ మాటను వివరించనక్కరలేదు. ఒరుసుకొనే రెండింటి నడుమ నిలిచి, వాటిని అరిగిపోకుండా కాపాడేది స్నేహం. తరగతిలో నానార్థాలు చెప్పేటప్పుడు ఈ మాట దగ్గర నేనెప్పుడూ కొంచెంసేపు ఆగేవాడిని.

ఈనాటి వ్యాస విషయం పచ్చిక కోసే యంత్రం, అనగా లాన్ మోవర్. అందులోనూ దానికి నూనె మార్చడం. తెలుగు పండితుడికి ఇదేమి వ్యవహారమని మిత్రులు నవ్వవచ్చు. అమెరికాలో మా అబ్బాయి ఇంట ఉన్న నెలల్లో వారి వీధిలో చెత్తబండి వచ్చే రోజున ఇంటి ముందు పారవేసిన యంత్రాలు కొన్ని చూశాను. ఒకదాని డిప్ స్టిక్ పైకి లాగితే కొసన నల్లని జిగురు తప్ప నూనె లేదు. చక్రాలు, పిడి, పైకప్పు అన్నీ బాగున్నాయి. అర లీటరు నూనె కరవై ఒక యంత్రం ప్రాణం విడిచింది. ఇంత చిన్న లోపానికి అంత పెద్ద శిక్ష ఎందుకు పడుతుందన్న ప్రశ్నతో దాని చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

పచ్చికను యంత్రంతో కోయడం ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతంలో మొదలైంది. అది ఉన్నిబట్టల మిల్లులకు పేరుపడిన చోటు. నేసిన ఉన్నిగుడ్డ మీద లేచిన నూగును సమంగా కత్తిరించడానికి అక్కడ చుట్టూ కత్తులు బిగించిన స్తూపం వంటి సాధనం వాడేవారు. ఎడ్విన్ బడ్డింగ్ అనే పనివాడు ఆ సాధనం గుడ్డకు చేసే పనిని నేల మీది గడ్డికి చేయించవచ్చునని ఊహించి, 1830లో పేటెంటు పొందాడు. అంతకు ముందు పొడవాటి పిడి గల కొడవళ్లతో, తెల్లవారుజామున మంచు ఆరక ముందే కూలీలు గడ్డి కోసేవారు. ఇప్స్‌విచ్ లోని రాన్‌సమ్స్ సంస్థ 1832లో బడ్డింగ్ యంత్రాన్ని తయారుచేసే హక్కు పొందింది. 1842లో స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ షాంక్స్ గుర్రం చేత లాగించే యంత్రం చేశాడు. గిట్టలు పచ్చికను పాడుచేయకుండా గుర్రాలకు తోలు జోళ్లు తొడిగేవారట! 1893లో జేమ్స్ సమ్నర్ ఆవిరి యంత్రాన్ని తెచ్చాడు గాని, దాని బరువూ ఆవిరి పుట్టడానికి పట్టే సమయమూ ఇంటి పెరడుకు సరిపడవు. 1902లో రాన్‌సమ్స్ వారు పెట్రోలు ఇంజను బిగించిన యంత్రాన్ని అమ్మకానికి పెట్టారు. మన కథలోకి నూనె ఇక్కడ ప్రవేశిస్తుంది.

అంతవరకు ఈ యంత్రాలకు కావలసినది ఇరుసుకు రెండు చుక్కల కందెన మాత్రమే. ఇంజను వచ్చాక లోపల నిప్పు చేరింది. ఆ తొలి రోజుల్లో మోటారు నూనెగా ఆముదానికి మంచి పేరుండేది. 1909లో లండను వ్యాపారి చార్లెస్ వేక్‌ఫీల్డ్ తన నూనెకు పెట్టిన 'కాస్ట్రాల్' అనే పేరు ఆముదానికి ఆంగ్లంలో ఉన్న 'కాస్టర్' నుండి వచ్చినదే. పాలమూరు, నల్లగొండ చేలలో ఆముదపు చెట్లను చూసిన వారికి ఆ డబ్బా మీది పేరులో ఒక దూరపు చుట్టరికం కనబడుతుంది. 1911లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం నూనెల చిక్కదనానికి అంకెలు నిర్ణయించింది. నేటికీ డబ్బాల మీద కనిపించే ఎస్.ఏ.ఇ. 30 ఆ సంప్రదాయంలోనిదే.

అసలు మలుపు రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వచ్చింది. 1947 నుండి న్యూయార్కు సమీపంలో లెవిట్‌టౌన్ వంటి కాలనీలు వెలిశాయి. ఇంటింటికీ ఒక పచ్చిక, దాన్ని కోసుకొనే బాధ్యత ఇంటి యజమానిది. తోటమాలి లేని ఇంటికి చవకైన, తేలికైన యంత్రం కావాలి. మిల్వాకీ నగరంలో 1908లో ఆరంభమైన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థ 1953లో అల్యూమినియంతో పోతపోసిన ఇంజనును విడుదల చేసింది. ఇనుప ఇంజను బరువు పోయింది, ధర తగ్గింది. ఆస్ట్రేలియాలో 1952లో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ సిడ్నీలోని తన ఇంటి వద్ద విక్టా యంత్రం మొదటి నమూనాను తయారుచేశాడు. దాని పెట్రోలు టాంకు పీచ్ పండ్ల డబ్బా! అది టూ స్ట్రోక్ ఇంజను. అందులో నూనెను పెట్రోలులోనే కలిపి పోస్తారు. అది పనిచేస్తూ కాలిపోతుంది కనుక మార్చే పని లేదు, పొగ మాత్రం తప్పదు.

ఫోర్ స్ట్రోక్ ఇంజను సంగతి వేరు. చవక చేయడానికి అందులో ఏమేమి వదిలివేశారో గమనించండి. కారులో నూనెను వడగట్టే ఫిల్టరుకు 1923 నాటికే పేటెంటు ఉంది. తోసే రకం పచ్చిక యంత్రాల్లో అత్యధికం ఆ ఫిల్టరు లేకుండానే వచ్చాయి. నూనెను ఒత్తిడితో పైకి పంపే పంపు కూడా వాటిలో లేదు. ఇంజను అడుగున ఉన్న నూనెలో చిన్న తెడ్డో, రెక్కల చక్రమో తిరిగి, ఆ నూనెను లోపలంతా చిలకరిస్తుంది. కవ్వం మజ్జిగను చిలికినట్లే. నీటితో చల్లబరిచే ఏర్పాటు కూడా లేదు. గాలి, నూనె ఈ రెండే ఆ వేడిని మోయాలి. పైగా ఆ నూనె మొత్తం సుమారు అర లీటరు. కారులో నాలుగైదు లీటర్లు పంచుకొనే భారాన్ని ఇక్కడ ఒక గ్లాసుడు రెండు గ్లాసుల నూనె మోస్తుంది.

నా ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరికింది. యంత్రంలో వదిలివేసిన ఫిల్టరు పని నిజానికి ఎక్కడికీ పోలేదు. అది ఇంటి యజమాని చేతికి బదిలీ అయింది. నూనెను మార్చే చేయే ఆ ఇంజనుకు ఫిల్టరు. ధర తగ్గిన సంగతి అమ్మేవాడు పెద్ద అక్షరాలతో చెప్పాడు. బదిలీ అయిన పని సంగతి మాత్రం వెంట వచ్చిన చిన్న పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉండిపోయింది.

ఆ చిన్న అక్షరాల సారం ఇది. కొత్త ఇంజనుకు మొదటి ఐదు గంటల పని తరువాత నూనె మార్చాలని చాలా పుస్తకాలు చెబుతాయి. కొత్త లోహభాగాలు ఒరుసుకొని రాలిన సన్నని పొడి అందులో చేరుతుంది గనుక. ఆ తరువాత యంత్రాన్ని బట్టి పాతిక నుండి యాభై గంటలకు, లేదా ఏడాదికి ఒకసారి. కొద్ది నిమిషాలు నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తీస్తే నూనె తేలికగా జారి, మడ్డిని వెంట తీసుకుపోతుంది. అంతకు ముందు ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీయడం తప్పనిసరి. కత్తి కదిలితే ఇంజను రగిలే ప్రమాదం ఉంది. యంత్రాన్ని వంచవలసి వస్తే గాలి ఫిల్టరు ఉన్న వైపు పైకి ఉండాలి, లేకుంటే నూనె దానిలోకి పారుతుంది. కొత్త నూనె డిప్ స్టిక్ గీతను మించరాదు. మించితే పొగ చిమ్ముతుంది. తీసిన నూనెను నేల మీద పోయకుండా సేకరణ కేంద్రానికి ఇవ్వాలి. గాలి ఫిల్టరు స్పాంజిని కడిగి ఆరబెట్టడం, ఇంజను రెక్కల మధ్య చిక్కిన గడ్డిని తీయడం కూడా ఈ సేవలో భాగాలే.

నూనె నల్లబడితే పాడైపోయిందని చాలామంది అనుకుంటారు. నేటి నూనెల్లో మసిని కరిగించి తనలో నిలుపుకొనే ద్రవ్యాలు ఉంటాయి. నల్లదనం అవి పనిచేస్తున్నాయనడానికి గుర్తు. అయితే నిలుపుకొన్న మలినాన్ని ఆ నూనె తానుగా బయట పడవేయలేదు. అందుకు మనం పూనుకోవాలి.

ఈ అధ్యాయం ఇప్పుడు ముగింపు దశలో ఉంది. తరిగినప్పుడు పోస్తే చాలు, మార్చనక్కరలేదని చెప్పే ఇంజనును బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థే అమ్మకానికి తెచ్చింది. 2020లో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. 2021లో కాలిఫోర్నియా చేసిన చట్టం ఫలితంగా 2024 నుండి అక్కడ కొత్త యంత్రాలు పొగలేనివి కావలసి వచ్చింది. హోండా 2023లో అమెరికాలో తన పచ్చిక యంత్రాల తయారీని నిలిపివేసింది. బ్యాటరీ యంత్రాలకు ఇంజను నూనె అక్కరలేదు. గాలికి, చెవులకు ఇది మేలే, కాదనను. ఐనా పాత ఇంజన్లు లక్షలకొద్దీ షెడ్డుల్లో ఇంకా ఉన్నాయి. వాటిని చూసుకొనే చేతులు తగ్గిపోతే, అవన్నీ చెడిపోకుండానే చెత్తబండి ఎక్కుతాయి.

చరిత్ర గ్రంథాల్లో బడ్డింగ్ పేరు ఉంది, బ్రిగ్స్ పేరు ఉంది. ఆదివారం ఉదయం మోకాళ్ల మీద కూర్చొని నూనె మార్చిన వారి పేర్లు ఎక్కడా లేవు. బండి ఇరుసుకు కందెన వేసిన మన పాలేర్ల పేర్లు మాత్రం ఎక్కడున్నాయి? యంత్రాలు నడిచింది కనిపెట్టిన వారి వల్ల ఎంతో, కనిపెట్టుకొని ఉన్న వారి వల్లా అంతే.

కందెనకు, అది దాచే గొట్టానికి మీ ప్రాంతంలో వేరే పేర్లు ఉంటే తెలియజేయగలరు. సేకరించి ఒకచోట చేర్చాలని నా కోరిక.