విండోస్‌లోకి లైనక్స్ వచ్చిన తీరు

2020 జనవరిలో వరంగల్ సమీపంలోని మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయాలు ప్రారంభమయ్యాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే హైదరాబాద్ బస్సెక్కడమే అన్న స్థితి కొంత మారింది. ఇలాంటి ఉద్యోగాల్లో చేరే విద్యార్థికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఆఫీసు ఇచ్చే కంప్యూటర్‌లో సాధారణంగా విండోస్ ఉంటుంది. అందులో రాసిన ప్రోగ్రాం చివరకు నడిచే సర్వర్‌లో మాత్రం చాలాసార్లు లైనక్స్ ఉంటుంది.

పూర్వం హార్డ్ డిస్కును విభజించి రెండింటినీ పెట్టుకునేవారు. ఒకటి నడుస్తుంటే రెండోది ఆగి ఉండాల్సిందే. పైగా ఆఫీసు యంత్రం డిస్కు మీద ఉద్యోగికి అధికారం ఉండదు. 1995లో సిగ్నస్ సంస్థలో మొదలైన సిగ్‌విన్ యూనిక్స్ తరహా ఉపకరణాలను విండోస్‌కు తెచ్చింది. కాని ప్రతి ప్రోగ్రామునూ దానికోసం మళ్లీ కంపైల్ చేయాలి.

మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ 2001లో లైనక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. 2014 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల ఆ పదవిలోకి వచ్చారు. అదే ఏడాది అక్టోబరులో మైక్రోసాఫ్ట్‌కు లైనక్స్ అంటే ఇష్టమని వేదికపై ప్రకటించారు. మనవాడి ఉదారత వల్లే ఇదంతా జరిగిందనుకోవడం చరిత్ర కాదు. అజూర్ అనే అద్దె సర్వర్ల వ్యాపారంలో లైనక్స్‌కు 2012లోనే చోటిచ్చారు. ఖాతాదారులు కోరేది అమ్మక తప్పలేదు.

2016లో ఉబుంటు తయారీదారైన కనోనికల్‌తో కలిసి విండోస్‌లో లైనక్స్ ఉపవ్యవస్థను తెచ్చారు. దీన్నే డబ్ల్యూఎస్ఎల్ అంటారు. మొదటి రూపంలో లైనక్స్ కెర్నెల్, అంటే ప్రోగ్రాములకూ యంత్రానికీ మధ్య నిలిచే కేంద్రభాగం, అసలు లేదు. లైనక్స్ ప్రోగ్రాం అడిగినదాన్ని విండోస్‌కు అర్థమయ్యేలా మార్చి చెప్పే దుబాసీ మాత్రమే ఉండేది. దుబాసీకి రాని మాటలుంటాయి కదా! డాకర్ వంటివి సరిగా నడవలేదు, ఫైళ్ల పనీ నెమ్మదిగా సాగేది. అందుకే 2020 మేలో విడుదలైన విండోస్ 10 కూర్పులో నిజమైన లైనక్స్ కెర్నెల్‌నే చిన్న వర్చువల్ యంత్రంలో ఉంచారు. కెర్నెల్‌కు జీపీఎల్ లైసెన్సు ఉన్నందువల్ల, దాన్ని మార్చి పంచిన మైక్రోసాఫ్ట్ ఆ సోర్సు కోడ్‌ను కూడా అందుబాటులో ఉంచాల్సి వచ్చింది.

నేడు ఒకే ఆదేశంతో ఇది కంప్యూటర్‌లోకి వస్తుంది. అయితే ఆ ఆదేశానికి నిర్వాహకుడి అనుమతి కావాలి. ఆఫీసు కంప్యూటర్‌లో ఆ అనుమతి ఉద్యోగి చేతిలో ఉండకపోవచ్చు. 2025 మేలో డబ్ల్యూఎస్ఎల్ కోడ్‌లో చాలా భాగాన్ని బహిరంగం చేశారు. దాన్ని మోసే విండోస్ కోడ్ మాత్రం ఇంకా మూసే ఉంది.