పైసా అడగని కేంద్రాలు

పుదుచ్చేరి పట్నం చుట్టుపక్కల పల్లెల్లో కంప్యూటర్ సమాచార కేంద్రాలు 1998లో మొదలయ్యాయి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ వాటిని నెలకొల్పగా, తొలి ఖర్చు కెనడాకు చెందిన అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధనా కేంద్రం భరించింది. విల్లియనూర్‌లో ప్రధాన కేంద్రం. అక్కడి నుంచి వైర్‌లెస్ మీద ఎంబలం, కీళూర్, వీరాంపట్టినం వంటి ఊళ్లకు సమాచారం వెళ్లేది. వచ్చినవారి దగ్గర రుసుము తీసుకోలేదు. ఊరు గది ఇవ్వాలి, నడిపే స్వచ్ఛంద కార్యకర్తలను ఇవ్వాలి. డబ్బు రూపంలో కాకపోయినా ఇదీ ఒక వెలే.

రుసుము పెట్టాలన్నా కుదరని సేవ వీరాంపట్టినంలో కనిపిస్తుంది. అమెరికా నౌకాదళం వెబ్‌సైట్లో రాబోయే గంటల అలల ఎత్తు చూసి, విల్లియనూర్ నుంచి పంపితే, ఒడ్డున మైకులో చదివేవారు. వేటకు పోవాలో మానాలో మత్స్యకారులు అది విని తేల్చుకునేవారు. మైకులో చెప్పాక చెవులున్న అందరిదీ ఆ కబురు. డబ్బు కట్టినవాడికొక్కడికే వినిపించడం సాధ్యం కాదు. 2004 సునామీ నాడు దగ్గర్లోని నల్లవాడులో జనాన్ని ఖాళీ చేయించిందీ మైకే.

ఇందుకు భిన్నంగా, మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 2000లో వచ్చిన కంప్యూటర్ కియోస్కుల పథకం జ్ఞానదూత్ మొదటి రోజు నుంచే వసూలు చేసింది. మార్కెట్ ధరకు 5 రూపాయలు, ఫిర్యాదుకు 10. కియోస్కు నడిపే యువకుడి బతుకు ఆ రాబడి మీదే. అది అన్నిచోట్లా గిట్టలేదు.

హైదరాబాద్ మధ్యేమార్గం పట్టింది. 2001లో మొదలైన ఈ-సేవలో కరెంటు, నీటి బిల్లులు కట్టేవారి మీద అదనపు భారం వేయలేదు. ఒక్కో లావాదేవీకి ఇంత అని ఆయా శాఖలే నిర్వాహకులకు చెల్లించాయి. బిల్లు వసూలైతే లాభం శాఖకే కాబట్టి ఈ లెక్క న్యాయమైనదే. 2011లో వచ్చిన మీసేవలో సర్టిఫికెట్ల వంతు వచ్చింది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు దరఖాస్తుదారుడి సొంత పనికి కావలసినవి కనుక సేవా రుసుము అతనిపై పడింది.

ఈలోగా 2006లో కేంద్రం దేశవ్యాప్తంగా కామన్ సర్వీస్ సెంటర్ల పథకాన్ని ఆమోదించింది. వాటిని నడిపేది స్వచ్ఛంద కార్యకర్త కాదు, కమీషను మీద, రుసుము మీద బతికే స్థానిక వ్యాపారి.